విశాఖ తీరంలో ఇళ్ల ధరలు: కర్నూలులో వేసుకున్న ఒక లెక్క

సంక్రాంతి వెళ్లిన వారానికి మా చిన్నాయన ఒక రంగుల కరపత్రం, చేత్తో రాసుకున్న లెక్కల కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఆయన కర్నూలు సీ క్యాంపులో ఉంటారు. కొడుకు విశాఖపట్నంలోని మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. కరపత్రంలో ఉన్నది ఆ మధురవాడలోనే ఒక ఫ్లాటు: మూడు పడకగదులు, 1,500 చదరపు అడుగులు, ధర కోటి రూపాయలు, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. నంద్యాల రోడ్డులో ఎప్పుడో కొన్న స్థలం అమ్మి 20 లక్షలు కట్టి, మిగతా 80 లక్షలు కొడుకు పేరున బ్యాంకు లోను తీసుకోవాలని ఆయన ఆలోచన. నేను ఏదో అడగబోయేంతలో ఆయనే అన్నారు: "సముద్రం ఒడ్డు భూమి యాడికి పోతాది నాయనా? పెరిగేదే గానీ తగ్గేది ఉండదు గదా."

కర్నూలులో ఈ మాట ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. మన జిల్లాల డబ్బు ఇన్నాళ్లూ హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లేది. పిల్లలు అక్కడ చదివారు, అక్కడే ఉద్యోగాల్లో చేరారు కాబట్టి ఇల్లు కూడా అక్కడే కొన్నారు. దాదాపు 700 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖ గురించి ఇంత మంది ఆరా తీయడం నేను ఇదివరకు చూడలేదు. అడిగేవాళ్లలో ఎక్కువ మంది జీవితకాలపు పొదుపును ఒకే చోట పెట్టబోతున్నవారు. అందుకే ఈ విషయాన్ని తేలిగ్గా అవుననో కాదనో చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు. చిన్నాయన మాటలో నిజం ఉంది. అయితే భూమి గురించి చెప్పిన నిజం ఫ్లాటుకు వర్తిస్తుందా, పెరిగిన ధర మనకు లాభంగా మిగులుతుందా అన్నవి విడివిడిగా చూడవలసిన ప్రశ్నలు.

ముందు నిజమున్న భాగం చూద్దాం. విశాఖ నగరానికి తూర్పున సముద్రం ఉంది. దక్షిణాన యారాడ కొండ, ఓడరేవు, నౌకాదళం భూములు, వాటిని దాటితే ఉక్కు కర్మాగారం ఉన్నాయి. పడమటి వైపు సింహాచలం కొండలు, ఉత్తరాన కైలాసగిరి, నగరానికీ మధురవాడకూ నడుమ కంబాలకొండ అభయారణ్యం ఉన్నాయి. కర్నూలు పెరగాలంటే నంద్యాల రోడ్డు, బళ్లారి రోడ్డు, గుత్తి రోడ్డు అంటూ ఏ దిక్కుకైనా పెరగవచ్చు. ఒక దిక్కున ధర ఎక్కువైతే కొనేవాడు ఇంకో దిక్కుకు పోతాడు. విశాఖకు ఆ వెసులుబాటు తక్కువ. తీరం వెంబడి భీమిలి, భోగాపురం వైపు, లేదంటే గాజువాక మీదుగా అనకాపల్లి వైపు సాగుతూ పోవడమే దాని దారి. తీరాన్ని ఆనుకుని కట్టడాలకు తీర ప్రాంతంలో నిర్మాణాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు కూడా అడ్డం ఉన్నాయి. 1991లో మొదలై 2011లోనూ 2019లోనూ మారిన ఈ నిబంధనల ప్రకారం, బాగా అభివృద్ధి చెందిన నగర ప్రాంతంలో సాధారణంగా అప్పటికే ఉన్న రోడ్డుకు లోపలి వైపునే కొత్త కట్టడానికి అనుమతి దొరుకుతుంది. అంటే రోడ్డుకూ సముద్రానికీ మధ్య కొత్తగా ఇల్లు లేవదు. సముద్రం నేరుగా కనిపించే స్థలం ఎంత ఉందో అంతే ఉంటుంది. కొనేవాళ్లు పెరిగేకొద్దీ అలాంటి స్థలం ధర పెరగడం సహజం.

అయితే కరపత్రంలోని ఫ్లాటు నుంచి సముద్రం కనిపించదు. కొండకు అవతల, జాతీయ రహదారికి దగ్గరలో ఉంది. సముద్రం ఒడ్డు అనే పేరు మాత్రం దానికీ తగిలించారు. అంతకంటే ముఖ్యమైన విషయం, చిన్నాయన కొనబోతున్నది భూమి కాదు. దీన్ని నంద్యాల రోడ్డు భాషలో చెప్పుకుంటే బాగా అర్థమవుతుంది. ఎకరాకు 100 సెంట్లు. ఎకరంలో వంద ఫ్లాట్లు కడితే ఒక్కో ఫ్లాటుకు దస్తావేజులో వచ్చే అవిభాజ్య వాటా ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర. కోటి రూపాయలు పెట్టి కొంటున్న దానిలో భూమి ఒక్క సెంటు! మిగతాదంతా సిమెంటు, ఇనుము, లిఫ్టు, పార్కింగు, బిల్డరు లాభం. భూమి కొరత వల్ల ధర పెరుగుతుందన్న వాదన ఆ సెంటుకే పూర్తిగా వర్తిస్తుంది. ఫ్లాట్ల సంఖ్య మాత్రం భూమిలాగా స్థిరంగా ఉండేది కాదు. ఐదంతస్తుల చోట ఇరవై అంతస్తులు లేస్తే అదే ఎకరం నాలుగింతల ఇళ్లు ఇస్తుంది. ధర పెరిగిన ప్రతిసారీ బిల్డర్లు పైకి కడతారు. మూడు నాలుగేళ్లకు అవన్నీ ఒకేసారి తాళాలు ఇచ్చే దశకు వచ్చినప్పుడు అమ్మేవాళ్ల మధ్య పోటీ మొదలవుతుంది.

కట్టడం గురించి ఇంకొక మాట చెప్పాలి. మనం బేతంచర్ల బండలు పరిచిన ఇళ్లలో పెరిగినవాళ్లం. పొడి ఎండలో కట్టిన మిద్దె యాభై ఏళ్లు నిలవడం మనకు వింతగా అనిపించదు. ఆ అలవాటుతో తీరంలోని కట్టడాన్ని అంచనా వేయకూడదు. ఆ మధ్య విశాఖ వెళ్లినప్పుడు, బీచ్ రోడ్డుకు రెండు వీధుల అవతల, పద్దెనిమిదేళ్ల వయసున్న ఒక అపార్ట్‌మెంటులో బంధువుల ఇంట్లో దిగాను. బాల్కనీ గ్రిల్లును పట్టుకుంటే అరచేతికి తుప్పు పొరలు పొరలుగా అంటింది. ఏసీ బయటి పెట్టె రేకు చిల్లులు పడి ఉంది. వంటగది వైపు పైకప్పులో ఒక చోట పెచ్చు ఊడి, లోపలి ఇనుప కడ్డీ ఎర్రగా ఉబ్బి కనిపిస్తోంది. గాలిలోని ఉప్పు తేమతో కలిసి కాంక్రీటులోకి మెల్లగా దిగి కడ్డీని తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమించి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. ఆ ఇంటివాళ్లు రెండోసారి మరమ్మతుకు చందా వేసుకుంటున్నారు. ధర పెరుగుదల లెక్క చెప్పేవాళ్లు ఈ ఖర్చును ఎక్కడా రాయరు. సెంటు భూమి విలువ పెరుగుతున్న వేళ దాని మీది కట్టడం విలువ తరుగుతూ ఉంటుంది. ఫ్లాటు ధర ఈ రెండింటి మొత్తం.

ఇక అసలైన లెక్కకు వద్దాం. ఒక ఇల్లు దాని ధరకు తగిన విలువ ఇస్తోందో లేదో చెప్పే నమ్మకమైన సాక్షి అద్దె. అమ్మకం ధరలో ఆశ ఉంటుంది, భయం ఉంటుంది, లెక్కలో చూపని డబ్బు ఉంటుంది, పక్కవాడు కొన్నాడన్న తొందర ఉంటుంది. అద్దెలో ఇవేవీ ఉండవు. పదేళ్ల తర్వాత ఊరు బాగుపడుతుందని ఎవరూ ఈ నెల అద్దె ఎక్కువ ఇవ్వరు. ఇవాళ ఆ చోట ఉండటం ఎంత విలువైనదో అంతే ఇస్తారు. చిన్నాయనను కొడుక్కి ఫోన్ చేసి అదే సముదాయంలో అలాంటి ఫ్లాటు అద్దె ఎంతో కనుక్కోమన్నాను. 25,000 అని తెలిసింది. ఏడాదికి 3 లక్షలు. ఇంటి పన్ను, చిన్నా పెద్దా మరమ్మతులు, అద్దెకున్నవాళ్లు మారే మధ్యలో ఖాళీగా ఉండే నెల తీసేస్తే చేతికి రెండున్నర లక్షలు మిగలవచ్చు. కోటి రూపాయల మీద రెండున్నర శాతం.

ఎదురు పక్కన ఖర్చు రాద్దాం. 80 లక్షల రుణం, 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 66,900 రూపాయలు. తొలి ఏడాది అందులో వడ్డీ వాటానే 6 లక్షల 30 వేలు దాటుతుంది. చేతి నుంచి పెట్టే 20 లక్షలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మరో ఏడున్నర లక్షలు కావాలి. ఈ 27 లక్షల 50 వేలు ఆరున్నర శాతం వచ్చే డిపాజిట్‌లో ఉంటే ఏటా లక్షా 80 వేల దాకా వచ్చేది. రెండూ కలిపి, వచ్చే అద్దె తీసేస్తే, ఏడాదికి దాదాపు 5 లక్షల 60 వేల లోటు. దీని అర్థం, ఇంటి ధర ఏటా ఐదున్నర శాతానికి పైగా పెరిగితేనే చిన్నాయన కుటుంబం నష్టం లేకుండా ఉన్న చోట ఉంటుంది. లాభం అనే మాట ఆ తర్వాతనే మొదలవుతుంది. "పదేళ్లలో ధర ఒకటిన్నర రెట్లు అయింది" అని ఎవరైనా సంతోషంగా చెబితే, ఆ పెరుగుదల ఏడాదికి నాలుగు శాతం చిల్లర మాత్రమేనని గుర్తుంచుకోవాలి. పైన చెప్పిన లోటును అది పూడ్చదు. ధర పెరగడమూ కొన్నవాడు బాగుపడటమూ ఒకటేనని అనుకోవడం వల్లే ఎక్కువ మంది పొరపాటు పడుతున్నారు.

కరపత్రం తెచ్చిన మధ్యవర్తి మాత్రం ఆరేళ్లకు రెట్టింపు అవుతుందని చెప్పాడట. ఆరేళ్లకు రెట్టింపు అంటే ఏటా 12 శాతం. కొన్నాళ్ల పాటు అలా పెరగడం అసాధ్యమేమీ కాదు. ఎంతకాలం అలా సాగగలదన్నది చూడాలి. ఇవాళ ఏడాదికి పన్నెండున్నర లక్షల జీతం తెచ్చుకునే ఉద్యోగికి కోటి రూపాయల ఇల్లు ఎనిమిదేళ్ల జీతం. జీతాలు ఏటా 8 శాతం, ఇళ్ల ధరలు 12 శాతం చొప్పున 24 ఏళ్లు పెరిగితే, అప్పటి ఉద్యోగి జీతం 79 లక్షలు అవుతుంది, అదే ఇల్లు 15 కోట్లు దాటుతుంది. ఎనిమిదేళ్ల జీతంగా ఉన్న ఇల్లు పందొమ్మిదేళ్ల జీతం అవుతుంది. అప్పుడు దాన్ని ఎవరు కొంటారు? ఏ బ్యాంకు అంత రుణం ఇస్తుంది? ధర జీతాన్ని దాటి పరుగెత్తే కాలం ఉంటుంది కానీ అది ఎక్కడో ఆగాలి. ఆగిన తర్వాత జీతాలు వచ్చి అందుకునేదాకా ధర నిలబడిపోవాలి, లేదా కిందికి రావాలి.

అందుచేత విశాఖ ధరల భవిష్యత్తు అడిగేవాళ్లు ముందుగా విశాఖ జీతాల గురించి అడగాలి. ఇక్కడ వార్తలను జాగ్రత్తగా చదవవలసి ఉంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ అక్కడ కేంద్రం ప్రారంభించింది. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు రుషికొండ దగ్గర 21.16 ఎకరాలు 99 పైసలకు కేటాయించారు, 12,000 ఉద్యోగాలు వస్తాయన్నారు. కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కు అలాంటి కేటాయింపే జరిగింది, 8,000 ఉద్యోగాలన్నారు. 2025 అక్టోబరు 14న గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో భారీ డేటా కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది. నాలుగూ పెద్ద వార్తలే అయినా ఇళ్ల విషయంలో నాలుగింటి బరువు ఒకటి కాదు. డేటా కేంద్రం అంటే ప్రధానంగా యంత్రాలు, కరెంటు, నీరు, సముద్రగర్భ కేబుళ్లు. కట్టేటప్పుడు వేల మంది కూలీలు, ఇంజినీర్లు పనిచేస్తారు. కట్టిన తర్వాత దాన్ని నడపడానికి కావలసిన మనుషులు పెట్టుబడి అంకెతో పోలిస్తే చాలా తక్కువ. కంప్యూటర్ ముందు మనుషులు కూర్చుని పనిచేసే కార్యాలయం అలా కాదు. వెయ్యి మంది చేరితే వెయ్యి ఇళ్ల అవసరం పుడుతుంది. పెట్టుబడి డాలర్లను చూసి ఫ్లాటు కొనేవాళ్లు, నిజంగా నెలనెలా అద్దె కట్టే మనుషులు ఎంతమంది వచ్చారన్నది లెక్కపెట్టుకోవాలి. చుట్టూ అనుబంధ సంస్థలు పెరిగితే ఆ సంఖ్య మారవచ్చు, అయితే దానికి ఏళ్లు పడుతుంది.

పాత ఉద్యోగాల సంగతీ మరువకూడదు. విశాఖ మధ్యతరగతిని నిలబెట్టింది ఓడరేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం, ఇతర ప్రభుత్వ రంగ సంస్థలు. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో వాటాలన్నీ అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల ఆర్థిక సాయం ప్రకటించింది. ఆ నాలుగేళ్లూ గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో ఎంత ఆందోళన ఉండి ఉంటుందో ఆలోచించండి. కొత్త కంపెనీల ప్రకటనలు మధురవాడ వైపు ధరలను పైకి లాగుతుంటే, దక్షిణాన ఉన్న ఇళ్ల భవిష్యత్తు కర్మాగారం జీతాల మీద ఆధారపడి ఉంది. విశాఖలో ధరలు పెరుగుతాయా అన్న ప్రశ్నకు ఒక్క ఊరి పేరుతో జవాబు చెప్పలేకపోవడానికి ఇదొక కారణం.

99 పైసల భూమి గురించి నాకు ఒక అభిప్రాయం ఉంది. ఉద్యోగాలు రావడం కోసం ప్రభుత్వం భూమిని దాదాపు ఉచితంగా ఇవ్వడాన్ని తప్పుపట్టలేను. కానీ ఆ రాయితీ ఫలితం కంపెనీ దగ్గరే ఆగదు. పక్కనే స్థలం ఉన్నవాడి ధర మరుసటి ఉదయానికే పెరుగుతుంది. ఉద్యోగి వచ్చి ఇల్లు వెతుక్కునే నాటికి ఆ పెరుగుదలను తన జీతంలోంచి అతనే చెల్లించాలి. కార్యాలయాలకు స్థలం ఇచ్చేటప్పుడే వాటి చుట్టూ మధ్యతరగతికి అందే ఇళ్లకు కూడా స్థలం, రోడ్డు, నీటి పైపు సిద్ధం చేసి ఉంటే బాగుండేది.

ఆశ ధరగా మారే తీరు కర్నూలు వాళ్లకు ఎవరూ నేర్పనవసరం లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు కార్యాలయాలకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఉద్యోగుల కోసం కట్టిన నివాసాలే ఇప్పటి ఏ, బీ, సీ క్యాంపులు. చిన్నాయన ఉంటున్న వీధి చరిత్ర అదే. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది, క్యాంపుల పేర్లు మాత్రం మిగిలాయి. మళ్లీ 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వినబడింది: కర్నూలుకు న్యాయ రాజధాని, విశాఖకు పరిపాలనా రాజధాని. 2020లో చట్టం వచ్చింది. ఓర్వకల్లు దారిలో, జగన్నాథగట్టు చుట్టుపక్కల రాత్రికి రాత్రి రాళ్లు పాతిన వెంచర్లు మనందరం చూశాం. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కు తీసుకున్నారు. 2022 మార్చి 3న అమరావతి మీద హైకోర్టు తీర్పు వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. చిన్నాయన అమ్మాలనుకుంటున్న నంద్యాల రోడ్డు స్థలానికి 2020లో ఒకాయన బయానా ఇస్తానని ఇంటికి వచ్చాడు. ఇంకా పెరుగుతుందని ఈయన ఇవ్వలేదు. ఇవాళ అదే ధరకు అడిగేవాళ్లు లేక మూడు నెలలుగా తిరుగుతున్నారు.

ఆ అనుభవం చెప్పే విషయం ఆర్థికశాస్త్రంలోనూ ఉంది: అందరికీ తెలిసిన మంచి వార్త అప్పటికే ధరలో కలిసిపోయి ఉంటుంది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు, ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఇవన్నీ నిజంగా జరుగుతున్న పనులే. వీటివల్ల నగరం పెరుగుతుందని నేనూ నమ్ముతున్నాను. కానీ ఇవాళ మధురవాడలో అమ్మేవాడికీ ఈ సంగతులన్నీ తెలుసు. అతను కోటి అడుగుతున్నది వాటిని కలుపుకునే. విమానాశ్రయం వస్తే ధర పెరుగుతుందని కొనేవాడు, ఆ పెరుగుదలలో పెద్ద భాగాన్ని ముందుగానే చెల్లిస్తున్నాడు. అనుకున్నది అనుకున్నట్టు జరిగితే ధర నిలబడుతుంది. అనుకున్నదానికంటే మించి ఏదైనా జరిగితేనే ఇంకా పైకి వెళుతుంది. ఆలస్యమైతే మాత్రం నెలవాయిదా ఆగదు.

వడ్డీ రేట్ల ప్రభావం కూడా అలాంటిదే. బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ, అంటే రెపో రేటు, 2022 మే దాకా 4 శాతంగా ఉండి, 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. 2025 ఫిబ్రవరి నుంచి తగ్గుతూ ఆ ఏడాది డిసెంబరుకు 5.25 అయింది. తొమ్మిది శాతం వడ్డీకి 80 లక్షల రుణం తీసుకుంటే వాయిదా దాదాపు 72,000. అదే వాయిదాతో ఎనిమిది శాతానికి 86 లక్షలు తీసుకోవచ్చు. కొనేవాళ్లందరి చేతికీ ఒకేసారి మరో ఆరు లక్షలు అందినప్పుడు అమ్మేవాళ్లు ఊరుకోరు, ధర ఆ మేరకు జరుగుతుంది. ఇది ఒక్కసారి వచ్చే ఊపు. ప్రతి ఏడూ రేటు తగ్గదు కాబట్టి దీన్ని ఏటా వచ్చే పెరుగుదలగా లెక్కవేయకూడదు. రేటు మళ్లీ పెరిగినప్పుడు వాయిదానో గడువో పెరుగుతుందన్నదీ గుర్తుండాలి.

కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న నగరంలో ధర తగ్గనే తగ్గదన్న వాదనకు హాంకాంగ్ మంచి సమాధానం. స్థలం కొరత విషయంలో విశాఖ దాని దరిదాపుల్లోకి కూడా రాదు. అయినా 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభం తగిలాక, 2003 నాటికి అక్కడి ఇళ్ల ధరలు 60 శాతానికి పైగా పడిపోయాయి. పాత ధరను తిరిగి అందుకోవడానికి పదేళ్లకు పైగా పట్టింది. 2021 తర్వాత మళ్లీ నాలుగో వంతుకు మించి తగ్గాయి. ఈ కాలమంతా కొండలు కదల్లేదు, సముద్రం వెనక్కు పోలేదు. స్థలం కొరత అలాగే ఉంది. మారినవి ఆదాయాలు, వడ్డీలు, జనం ఆశ.

మన దగ్గర అంత బాహాటంగా తగ్గడం అరుదు. మన దేశంలో ధర పడిపోయేటప్పుడు కనబడదు, గడ్డకట్టుకుపోతుంది. అమ్మేవాడు చెప్పే ధర మారదు, కొనేవాడు రాడు. బోర్డు మీద కోటి అనే ఉంటుంది, రిజిస్ట్రార్ ఆఫీసుకు మాత్రం ఎవరూ వెళ్లరు. దేశంలోని అనేక నగరాల్లో 2014 తర్వాత కొన్నేళ్లు ఇదే నడిచింది. ధర ఐదేళ్లు కదలకుండా ఉండి, మిగతా వస్తువుల ధరలు ఏటా ఆరు శాతం పెరిగాయంటే ఆ ఇంటి నిజమైన విలువ నాలుగో వంతు తగ్గినట్టే. కాగితం మీద నష్టం కనబడదు కాబట్టి ఎవరూ నష్టపోయామని చెప్పరు. అందువల్లనే ఇళ్ల ధర ఎప్పుడూ తగ్గలేదన్న నమ్మకం మన మధ్య అంత గట్టిగా నిలిచింది.

సముద్రం తెచ్చే ముప్పును ఇంకా ఎవరూ ధరలో లెక్కవేయడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖను తాకింది. నగరంలో కరెంటు, ఫోన్లు, చెట్లు ఏవీ మిగలని ఆ రోజులను చూసినవాళ్లు ఉన్నారు. ధరలు మళ్లీ లేచాయి, నిజమే. ఆర్కే బీచ్ కోత మాత్రం ఏటా సాగే సంగతి. తీరం వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఓడరేవు దగ్గర అలలను ఆపేందుకు కట్టిన గోడలు దాన్ని అడ్డుకోవడంతో, ఉత్తరాన ఉన్న బీచ్‌కు ఇసుక చాలక, తవ్వి తీసిన ఇసుకను తెచ్చి పోస్తూ ఉండాలి. కెరటాలకు ఎదురుగా ఉన్న ఇల్లు ఇవాళ అన్నిటికంటే ఖరీదైనది. ముప్పై ఏళ్ల పాటు ఆ ఇంటిని, ఆ రోడ్డును కాపాడే ఖర్చు ఎవరు పెడతారన్నది ఇంకా తేలలేదు. అమెరికాలో ఫ్లోరిడా, కాలిఫోర్నియా ప్రాంతాల్లో ఇంటి బీమా భారమై, కొన్ని బీమా సంస్థలు కొత్త పాలసీలు ఇవ్వడమే మానుకున్నాయి. బీమా దొరకని ఇంటికి రుణం దొరకడం కష్టం. మన దగ్గర ఇంటికి బీమా చేయించేవాళ్లే తక్కువ కాబట్టి ఆ హెచ్చరిక ఇంకా మన చెవిన పడలేదు.

స్థలం కొనదలచినవాళ్లకు హక్కుల చిక్కు వేరే ఉంది. సింహాచలం దేవస్థానం భూములకు సంబంధించిన పంచగ్రామాల వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా చూడకుండా, పాత యజమానుల నాటి లింకు దస్తావేజులు, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ పత్రం న్యాయవాదికి చూపించకుండా దూరం నుంచి కొనడం ఎవరికీ మంచిది కాదు. ఎర్రమట్టి దిబ్బల చుట్టూ ఉన్నట్టు రక్షిత ప్రాంతాలూ ఉన్నాయి. కర్నూలులో కూర్చుని ఫోన్‌లో లేఅవుటు బొమ్మ చూసి బయానా పంపేవాళ్లను నేను ఎరుగుదును.

ఇంత చెప్పాక నా అంచనా దాచుకోవడం సరికాదు. వచ్చే పదిహేను ఇరవై ఏళ్లలో విశాఖలో ఇళ్ల ధరలు రూపాయల్లో పెరుగుతాయనే అనుకుంటున్నాను, ఎందుకంటే నగరానికి ఉద్యోగాలు వస్తున్నాయి, భూమి నిజంగానే తక్కువ. కానీ ఏటా ఒకే తీరుగా పెరగవు. ప్రకటనలు ఒక్కసారిగా వచ్చిపడిన ఈ ఒకటి రెండేళ్ల ఊపు తర్వాత, జీతాలు అందుకునేదాకా కొన్నేళ్లు స్తబ్దంగా ఉండే అవకాశం ఎక్కువగా కనిపిస్తోంది. స్పష్టమైన హక్కులున్న స్థలం, భూమి వాటా ఎక్కువ ఉన్న పాత చిన్న అపార్ట్‌మెంటు, కార్యాలయాలకు నడిచి వెళ్లగల చోటు ముందుంటాయి. సముద్రం పేరు చెప్పి లోపలి వైపు లేపిన ఎత్తైన భవనాల్లో, ఒక్క సెంటు వాటాతో ఉన్న ఫ్లాట్లు వెనకబడతాయి. కొడుకు అక్కడే పదేళ్లకు పైగా ఉంటాడని ఖాయమైతే, వాయిదా అతని జీతంలో మూడో వంతు దాటకుండా ఉంటే, ఉండటానికి ఇల్లు కొనుక్కోవడం మంచిదే. ఆ ఇల్లు పెరిగితే మేలు, పెరగకపోయినా తలదాచుకునే చోటు ఉంటుంది. పెరుగుతుందన్న ఒక్క కారణంతో కర్నూలు నుంచి కొనడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

చిన్నాయన ఈ లెక్కలన్నీ విని, మారు మాట్లాడకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాతి వారం విశాఖ వెళ్లి, కొడుకుతో కలిసి ఆ సముదాయం ముందు రాత్రి ఎనిమిదిన్నరకు నిలబడి, ఇప్పటికే తాళాలు ఇచ్చేసిన మొదటి బ్లాకులో దీపాలు లెక్కపెట్టారట. అరవై ఫ్లాట్లకు ఇరవై రెండింటిలో వెలుగుతున్నాయి. కాపలా మనిషిని అడిగితే, ఫ్లాట్లన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయని, కొన్నవాళ్లు హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉంటారని చెప్పాడు. మరుసటి ఉదయం అదే బ్లాకు నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటును 24,000కు మాట్లాడి, కొడుకు పేరున పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు రాయించారు. కరపత్రం ఇంకా ఆయన బీరువాలోనే ఉంది. అగ్రిమెంటు ముగిసినప్పుడు ఇంటివాళ్లు అద్దె ఎంత పెంచమంటారో చూసి, అప్పుడు మళ్లీ ఆ కాగితం తీస్తానన్నారు.